పగలు ఎండ, సాయంత్రం గాలివాన: దాళ్వా కళ్లాల రోజుల్లో వాతావరణం చూసి పని సర్దుకోవడం ఎలా

ఏప్రిల్ మొదలు జూన్ మొదటి వారం దాకా, దాళ్వా (రబీ వరి) కళ్లాల కాలంలో, గోదావరి డెల్టాలో రైతు ఇంటికి రెండు భయాలు. మధ్యాహ్నం ఎండకు మనిషి పడిపోతాడేమోనని ఒకటి, సాయంత్రం గాలివానకు ఆరబోసిన ధాన్యం తడిసిపోతుందేమోనని ఇంకొకటి. ఈ రెంటినీ విడివిడిగా చూడబట్టే చాలా నష్టం జరుగుతోంది. సాయంత్రం వచ్చే గాలివానకు మధ్యాహ్నపు ఎండే వంటచెరకు. కాబట్టి ఎండను చూసి వేసుకునే పని లెక్కలోనే వానకు కూడా చోటుండాలి. ఆ లెక్క ముందురోజు సాయంత్రం మొదలై, మర్నాడు పొద్దున బరకాలు (టార్పాలిన్లు) తీసేదాకా ఎలా నడవాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

ముందుగా రోజు నడక తెలుసుకోండి

వేసవిలో పొద్దున మనకు వీచేది ఎక్కువగా పడమటి గాలి. తెలంగాణ మీదుగా, కాగిన నేల మీదుగా వస్తుంది కాబట్టి పొడిగా ఉంటుంది. పదీ పదకొండు గంటలకు నేల బాగా వేడెక్కాక సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ముందు అందుతుంది. అమలాపురానికి, భీమవరానికి ఆ తర్వాత. రాజమహేంద్రవరం, నిడదవోలు చేరేసరికి పొద్దు వాలుతుంది, కొన్ని రోజులు అసలు చేరదు. పడమటి గాలి మరీ బలంగా ఉన్నరోజు సముద్రపు గాలి తీరం దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు కాకినాడ కూడా రాజమహేంద్రవరంలాగే కాలుతుంది.

ఈ రెండు గాలులూ ఎదురుపడ్డ చోట తేమ ఉన్న గాలి పైకి లేస్తుంది. ఇలా గాలులు కలిసే గీతనే వాతావరణశాఖ బులెటిన్లలో 'ద్రోణి' అంటారు. పైకి లేచిన తేమ మబ్బై, మధ్యాహ్నం రెండు దాటాక రంపచోడవరం, మారేడుమిల్లి కొండల మీద, తెలంగాణ సరిహద్దు మీద గోపురాల్లా పెరుగుతుంది. నైరుతి రాకముందు ఈ కాలంలో ఎత్తున వీచే గాలి పడమర, వాయవ్యాల నుంచి ఉంటుంది కాబట్టి, అక్కడ పుట్టిన మబ్బును మనవైపు నెడుతుంది. డెల్టాలో గాలివాన ఎక్కువగా సాయంత్రం నాలుగుకూ రాత్రి ఎనిమిదికీ నడుమ పడడానికి కారణం ఇదే. మీ తల మీద ఆకాశం నీలంగా ఉందని నిశ్చింతగా ఉండకండి. చూడాల్సింది వాయవ్యం మూల.

ముందురోజు సాయంత్రం: బులెటిన్ చదవడం

టీవీలో 'కోస్తాలో వర్షాలు' అన్న ఒక్క మాటతో పని జరగదు. అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చే బులెటిన్‌లో మీ జిల్లా పేరు వెతకండి. 2022లో జిల్లాలు మారాయి కాబట్టి పాత తూర్పు, పశ్చిమ గోదావరులు ఇప్పుడు కాకినాడ, తూర్పుగోదావరి, కోనసీమ, పశ్చిమగోదావరి, ఏలూరు జిల్లాలుగా కనిపిస్తాయి. కొంత ఏజెన్సీ ప్రాంతం అప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది, 2025 చివర్లో అందులోంచి రంపచోడవరం వైపు పోలవరం జిల్లాగా విడిపోయింది. ఆ కొండ జిల్లాలకు ఉరుములు రాసి ఉంటే అది మీ సాయంత్రానికి ముందస్తు కబురు అనుకోండి.

అందులో వాడే మాటలకు కొలతలున్నాయి. 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగోవంతుకు మించకుండా వాన నమోదవుతుందని. 'కొన్నిచోట్ల' అంటే సగం దాకా. 'చాలాచోట్ల' అంటే సగం నుంచి ముప్పావు వంతు దాకా. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకటి రెండు చోట్లేగదా అని ధాన్యం పరిచి సినిమాకు పోతారు. వేసవి గాలివాన ఇరుకైనది. మండపేటలో కుండపోత పోస్తుంటే రామచంద్రపురంలో దుమ్ము లేవొచ్చు. ఒకటి రెండు చోట్లన్నది వాన బలం గురించి చెప్పిన మాట కాదు. పడే ఆ ఒక్కచోట గట్టిగానే పడొచ్చు.

వానకూ అంకెలున్నాయి. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి వాన, 64.4 దాకా మోస్తరు, ఆపైన భారీ. ఆ 24 గంటలూ పొద్దున ఎనిమిదిన్నరకు మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకు ముగుస్తాయి. రంగుల సంగతికొస్తే, పసుపు వస్తే గమనిస్తూ ఉండాలి, నారింజ వస్తే సిద్ధమై ఉండాలి, ఎరుపు వస్తే చేతిలో పని వదిలి రక్షణ చూసుకోవాలి. ధాన్యం ఉన్నవాళ్లు మాత్రం పసుపునే నారింజగా తీసుకోవాలన్నది మా మాట. 'గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు' అన్న వాక్యం కనబడితే కట్టని బరకం నిలవదు.

ఎండ విషయంలో తీరప్రాంతానికి కొలత వేరు. మైదానంలో 40 డిగ్రీలు చేరాక లెక్క మొదలైతే, తీరంలో 37 డిగ్రీలు చేరి, అది ఆ రోజుకు మామూలుగా ఉండేదానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతేనే వడగాల్పు కింద లెక్క. ఆ కొలత తెల్లని చెక్కపెట్టెలో, గాలి ఆడే నీడలో, ఇంచుమించు మనిషి ఛాతీ ఎత్తున తీసింది. మీరు పనిచేసే తారురోడ్డు మీద, సిమెంటు కళ్లం మీద వేడి అంతకన్నా చాలా ఎక్కువ. తేమను కూడా కలుపుకోవాలి. 35 డిగ్రీలున్నా గాలిలో తేమ 60 శాతం ఉంటే ఒంటికి దాదాపు 45 డిగ్రీల్లా తగులుతుంది. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడే దారి లేదు. నర్సాపురం, రాజోలు వైపు అంకె చిన్నదిగా కనబడినా కూలీలు సొమ్మసిల్లేది ఇందుకే. మండలాలవారీగా వడగాల్పు హెచ్చరికలు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇస్తుంది. మీ మండలం పేరు అందులో ఉందేమో రాత్రే చూసుకుని, కూలీలకు పనివేళ రాత్రే చెప్పండి. పొద్దున చెబితే ఆరింటికి రావాల్సినవాళ్లు ఎనిమిదింటికి వస్తారు.

ఫోన్లో మూడు ఆప్‌లు ఉంచుకుంటే చాలు. జిల్లా హెచ్చరికలకు మౌసమ్, పిడుగుల కోసం దామిని, పంట సలహాలకు మేఘదూత్. దామిని మీరున్నచోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. దానికి లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పెట్టుకున్నవాళ్లలో చాలామంది అదే మరచిపోతారు.

పొద్దున ఆరు గంటలకు: గాలి, ఉక్క

గుడి మీద జెండా గానీ, కొబ్బరాకు గానీ ఎటు ఊగుతోందో చూడండి. పడమటి గాలి చురుగ్గా వీస్తూ, ఒళ్లు పొడిగా ఉంటే ఆ రోజు ఎండ తీవ్రంగా ఉంటుంది, వాన అవకాశం తక్కువ. ధాన్యానికి అది మంచిరోజు, మనిషికి చెడ్డరోజు. గాలి స్తంభించి, పొద్దున్నే మెడ కింద చెమట పట్టి, డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లిందంటే నేల దగ్గర తేమ నిండుగా ఉందన్నమాట. దానిమీద ఎండ కూడా గట్టిగా కాస్తే సాయంత్రానికి అనుమానించాల్సిందే. పది పదకొండుకే ఆకాశంలో చిన్న చిన్న దూదిమబ్బులు లేచి, ఒక్కొక్కటీ వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువ పెరుగుతుంటే అనుమానం బలపడుతుంది.

వడియాలు, మామిడి తాండ్ర పెట్టేవాళ్లకూ ఇదే లెక్క. ఆత్రేయపురం చుట్టుపక్కల చాపల మీద తాండ్ర పోసే ఇళ్లలో పొద్దుటి పొరను మధ్యాహ్నానికే లోపలికి తీసే ఏర్పాటు ఉండాలి. సగం ఆరిన పొర మీద నాలుగు చినుకులు పడితే బూజు పడుతుంది.

ధాన్యం పరవడం: ఎంత, ఎంత మందాన

యంత్రంతో కోసిన దాళ్వా ధాన్యంలో తేమ ఎక్కువగా 20 నుంచి 25 శాతం ఉంటుంది. కొనుగోలుకు గరిష్ఠ పరిమితి 17 శాతం. 22 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తా 17కు దిగాలంటే అందులోంచి నాలుగున్నర కిలోల నీరు పోవాలి. ఎకరానికి 45 బస్తాలనుకుంటే రెండు వందల కిలోల నీరు! ఒక్క మధ్యాహ్నంలో అది పోదు. రెండు మూడు రోజులు పడుతుందని ముందే ఒప్పుకుంటే, ఆ మూడు సాయంత్రాలకూ బరకాలు సిద్ధం చేసుకోవాలని అర్థమవుతుంది.

పొర మందం 3, 4 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ల వెడల్పు, దాటకూడదు. ఆ మందాన ఎకరం ధాన్యానికి దాదాపు 150 చదరపు మీటర్ల చోటు కావాలి. చోటు చాలక బెత్తెడు మందాన పోస్తే పైన గింజ పగులుతుంది, కింద గింజ మగ్గుతుంది. అరగంటకోసారి కాలితోనో చెక్కపలకతోనో తిరగేయాలి. మంచి ఎండలో సిమెంటు మీద గింజ 50 డిగ్రీలు దాటి కాగుతుంది. అలా గబగబా ఎండిన గింజకు లోపల సన్నని చీలిక వస్తుంది. మిల్లులో ఆడితే బియ్యానికి బదులు నూక ఎక్కువ పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య, మరీ తీవ్రమైన రోజుల్లో, ధాన్యాన్ని బోదెల్లా దగ్గరకు లాగి ఉంచడం మంచిది. ఎండ వృథా పోతోందని బాధపడకండి. ఆ రెండు గంటలూ మనుషులు కూడా నీడకు పోతారు. ఒకవేళ వాన తొందరపడి వచ్చినా సగం పోగు అయిపోయి ఉంటుంది. ఇంత లాభమున్న పని ఈ మొత్తంలో మరొకటి లేదు.

రోడ్డు మీద ఆరబోయడం మానగలిగితే మానండి. తప్పనప్పుడు ఒకవైపే పోసి, అంచున బండరాళ్లు పెట్టకండి. చీకట్లో బైకు మీద వచ్చేవాడికి నల్ల బరకం కనబడదు, రాయి అసలే కనబడదు. ఇసుక నింపిన సంచులు బరువుకూ సరిపోతాయి, ప్రాణమూ తీయవు.

మనుషుల లెక్క

2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండువేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వడగాల్పుల్లో ఎక్కువగా బలయ్యేది ఎండలో కూలికి పోయేవాళ్లూ, ముసలివాళ్లూ. ఈ సంగతి తెలిసి కూడా మధ్యాహ్నం రెండింటికి బస్తాలు ఎత్తించడం క్షమించరానిది.

పని ఆరింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు ఆపండి. మబ్బు చూసి ధాన్యం పోగు చేయాల్సివస్తే తప్ప మళ్లీ నాలుగు తర్వాతే. ఈ రోజుల్లో కొత్తగా ఎండలోకి వచ్చినవాళ్లను, ఊరి నుంచి సెలవులకు వచ్చిన కుర్రవాళ్లను మొదటి వారం సగం పనికే పరిమితం చేయండి. ఒళ్లు ఎండకు అలవాటుపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వడదెబ్బ ఎక్కువగా తగిలేది ఆ మొదటి రోజుల్లోనే.

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. అలాగని గంటకు లీటరున్నర మించి ఉత్తనీళ్లు పోసుకోవడమూ ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, తరవాణి (అన్నం పులియబెట్టిన నీళ్లు), కొబ్బరినీళ్లు మంచివి. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు వేసి కలపండి. చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకన్నా కీడే జరుగుతుంది. రక్తపోటు, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్లు ఉప్పునీళ్ల సంగతి వైద్యుడిని అడిగి తాగాలి.

తల తిరగడం, కండరాలు పట్టేయడం, వాంతి వచ్చినట్టుండడం మొదటి గుర్తులు. అక్కడే ఆపి నీడకు తీసుకెళితే సర్దుకుంటుంది. మాట తడబడడం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం కనబడితే అది వడదెబ్బ. అప్పటికే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోకండి, పని చేస్తూ పడిపోయినవాడికి చెమట పోస్తూనే ఉండొచ్చు. 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా ఆగకుండా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరండి. చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో తడిగుడ్డలుంచండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ తొందరపాటు వల్ల పోయిన ప్రాణాలున్నాయి.

రెండు దాటాక: వాయవ్యం మీద కన్ను

ఒక మనిషికి ఈ పని అప్పగించండి. అందరూ చూస్తారులే అనుకుంటే ఎవరూ చూడరు. కాలీఫ్లవర్ పువ్వులా గట్టి అంచులతో పెరుగుతున్న మబ్బు ఇంకా ఎదుగుతోంది. దాని తల చదునై, దాగలి (కమ్మరి దిమ్మ) ఆకారంలో పక్కకు సాగితే పూర్తిగా ముదిరిన క్యుములోనింబస్ మేఘం, అంటే ఉరుముల మబ్బు. ఆ సాగిన అంచు ఎటు చాచుకుంటే ఎత్తు గాలి అటు వీస్తోందని, మబ్బు ఇంచుమించు అటే కదులుతుందని లెక్క. అంచు మీ నెత్తిమీదికి వచ్చి ఎండ మసకబారిందంటే పోగు మొదలుపెట్టండి. ఇదే సమయంలో వాతావరణశాఖ మూడు గంటలకు సరిపడే తక్షణ హెచ్చరిక ఇస్తుంది. మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్ల చిత్రాలు కూడా వాళ్ల వెబ్‌సైట్లో చూడొచ్చు.

చాలామంది చినుకు పడ్డాక పరిగెడతారు. అప్పటికే ఆలస్యం. మబ్బులోంచి పడే వాన కింది పొడిగాలిలో ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి నేలమీద పడి చుట్టూ పరుచుకుంటుంది. అదే ఈదురుగాలి. వానకన్నా పావుగంట ముందే వస్తుంది, బరకాలను ఎగరగొట్టేది అదే. కాబట్టి గాలి వచ్చేలోపు బరకం కట్టడం పూర్తవ్వాలి. ఉక్కలోంచి ఉన్నట్టుండి చల్లగాలి తగిలిందంటే హాయిగా ఉందని కూర్చోకండి, మీకు మిగిలింది నిమిషాలే.

ఎంత ముందు మొదలుపెట్టాలో ఇంకొకరు చెప్పలేరు. మొదటిరోజు వాన లేనప్పుడే మీ మనుషులతో, మీ కళ్లంలో ఒకసారి పోగు చేసి, బరకం కట్టి, గడియారం చూసుకోండి. నలభై నిమిషాలు పడితే, మబ్బు కనబడ్డాక మీ చేతిలో గంట ఉండాలని గుర్తు.

రాశి, బరకం

గుండ్రని కుప్పకన్నా పొడవాటి రాశి మేలు. ముప్పావు మీటరు ఎత్తు, రెండు మీటర్ల అడుగు వెడల్పు ఉంచితే ఎకరం ధాన్యం దాదాపు ఎనిమిది మీటర్ల పొడవొస్తుంది. 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు బరకం ఒకటి దాన్ని కప్పి, రెండువైపులా మడిచి కిందకు దోపడానికి సరిపోతుంది. అడుగున ఇంకొక బరకం తప్పనిసరి. పైన ఎంత కప్పినా కింద పారే నీరు రాశి అడుగు నుంచి ఎక్కుతుంది. కళ్లంలో ఎత్తైన చోట రాశి పోయండి, పడమర, వాయవ్యాల వైపు జానెడు లోతు కాలువ తీసి నీటికి దారి చూపండి. రాశి పొడవు గాలి వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉంటే గాలి పట్టు తక్కువ. బరకం అంచుల్ని బయటికి వదలకుండా లోపలికి మడిచి, మీటరుకో ఇసుక సంచి పెట్టి, పైనుంచి అడ్డంగా మూడుచోట్ల తాడు బిగించండి.

ఒక పొరపాటు ప్రతి ఏడూ జరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు కాగిన ధాన్యాన్ని అలాగే పోగుచేసి గట్టిగా కప్పేస్తే, లోపలి వేడికి తేమ ఆవిరై పైన బరకానికి పట్టి, తిరిగి గింజ మీదే పడుతుంది. వాన పడకుండానే ధాన్యం తడుస్తుంది! వీలున్నరోజు మూడున్నరకే లాగి, అరగంట చల్లారనిచ్చి కప్పండి. తప్పక వేడిగానే కప్పాల్సి వస్తే, వాన వెలిశాక అంచులెత్తి గాలి ఆడనివ్వాలి.

ఉరుము వినబడ్డాక

ధాన్యం సంగతి ఇక్కడితో ఆపేయాలి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మన ఆకాశానికి అంత శక్తి ఉంది.

మెరుపు కనబడగానే సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెట్టండి. ఉరుము వచ్చేసరికి మూడు అయితే పిడుగు కిలోమీటరు దూరంలో పడింది, ముప్ఫై అయితే పది కిలోమీటర్లు. ముప్ఫై లోపు వచ్చిందంటే తదుపరి పిడుగు మీ దగ్గరే పడొచ్చు, కట్టిన బరకం కట్టినట్టే వదిలి పక్కా ఇంట్లోకి వెళ్లండి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. వాన వెలిసింది కదా అని గట్టు మీదికి వెళ్లినవాళ్లు ఆ అరగంటలోనే పోతున్నారు. మబ్బుకు పది కిలోమీటర్ల అవతల, ఎండ కాస్తున్న చోట కూడా పిడుగు పడగలదు.

కొబ్బరిచెట్టు, తాడిచెట్టు కింద నిలబడడం అన్నిటికన్నా ప్రమాదం. పిడుగు చెట్టు మీద పడి, అక్కణ్నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోంచి కాళ్లకూ పాకుతుంది. చేలో ఉండే రేకుల షెడ్డు, నాలుగు రాటల పాక రక్షణ ఇవ్వవు. అద్దాలు మూసిన కారు, బస్సు ఫరవాలేదు. ట్రాక్టరు, ఆటో, బైకు పనికిరావు. కొబ్బరికాయల దింపు కార్మికులను మబ్బు పెరుగుతున్నప్పుడే చెట్టు దిగమనండి. సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కబోయేవాళ్లు వాయవ్యం నల్లబడి ఉంటే రేవులోనే ఆగాలి. నది మధ్యలో ఈదురుగాలికీ పిడుగుకూ చాటు లేదు.

ఎక్కడికీ చేరలేకపోతే చెట్లకూ తీగలకూ నీళ్లకూ దూరంగా, పాదాలు రెండూ దగ్గరగా ఆనించి గొంతుక్కూర్చోండి. పడుకోకూడదు, పడుకుంటే నేలలో పాకే కరెంటు ఒంట్లోంచి పోయే దారి పొడవవుతుంది. నలుగురున్నా ఒకరికొకరు దూరం జరగాలి. సెల్‌ఫోను పిడుగును పిలుస్తుందన్నది అపోహ. సాయం కోసం ఫోను చేయడానికి భయపడొద్దు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఈ భయంతో దూరంగా నిలబడిపోవడం వల్లే బతకాల్సినవాళ్లు చనిపోతున్నారు. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో, రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకండి.

ఇంట్లో టీవీ, ఫ్రిజ్, మోటారు స్టార్టరు ఉరుములు రాకముందే ప్లగ్గు తీసేసి ఉంచాలి. ఉరుముతున్నప్పుడు స్విచ్చులు, కుళాయిలు ముట్టుకోవద్దు. మే నెల పెళ్లిపందిళ్లకు గాలి హెచ్చరిక ఉన్నరోజు షామియానా గుడ్డ దించేయడమే దారి.

వాన వెలిశాక

తెగిన తీగ నేలమీద పడి ఉంటే కరెంటు ఉన్నట్టే లెక్క. దూరంగా ఉండి 1912కి చెప్పండి. పొరపాటున దగ్గరికి వెళ్లినట్టు గ్రహిస్తే పరిగెత్తకండి. పాదాలు ఎత్తకుండా, ఒకదానికొకటి ఆనించి జరుపుకుంటూ వెనక్కి రండి. ఇళ్లు కూలినా, మనుషులు చిక్కుకున్నా 112, 1070 నంబర్లు పనిచేస్తాయి.

చేలో కోసిన పనలు తడిస్తే గింజ మొలకెత్తకుండా ఐదు శాతం ఉప్పునీళ్లు చల్లాలి. పది లీటర్ల నీటికి అరకిలో ఉప్పు కరిగించి, కంకులు తడిసేలా పిచికారీ చేయండి. దాళ్వాలో వేసే చాలా రకాలకు నిద్రావస్థ తక్కువ. తడి, వేడి కలిస్తే రెండు మూడు రోజుల్లో మొలక వస్తుంది. కాబట్టి ఈ పని మర్నాటికి వాయిదా వేయొద్దు.

రొయ్యల, చేపల చెరువులున్నవాళ్లకు గాలివాన రాత్రే అసలు పరీక్ష. చల్లని వాననీరు ఉప్పు తక్కువగా ఉండి పైపొరలా తేలుతుంది, అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయానికి కరెంటు పోతుంది. డీజిలు జనరేటరును వాన రాకముందే ఒకసారి తిప్పి చూసుకోండి. ఆ సాయంత్రం మేత సగానికి తగ్గించి, ఏరేటర్లు రాత్రంతా ఆడించి నీటిని కలపండి. ఆక్సిజన్ కనిష్ఠానికి పడేది తెల్లవారుజామున, మూడు నుంచి ఆరు మధ్య. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గకుండా చూడాలి. 3కు దిగితే రొయ్య పైకి తేలడం మొదలవుతుంది. పీహెచ్ కొలవకుండా సున్నం చల్లకండి.

పొద్దున ఏడున్నర, ఎనిమిది దాకా ధాన్యం బరకం తీయొద్దు. మంచు తడి, నేల తడి ఆరనివ్వాలి. ఆరిన గింజ మళ్లీ తడి పీలిస్తే ఎండకు వచ్చిన చీలికకన్నా పెద్ద చీలిక వస్తుంది. తీశాక రాశి నడుమలోకి మోచేయి దాకా చెయ్యి దూర్చి చూడండి. వెచ్చగా తగిలినా, పుల్లని వాసన వచ్చినా ఆ భాగాన్ని విడిగా, పలచగా, ముందుగా ఆరబోయండి. అడుగున తడిసిన బస్తా రెండు బస్తాలను మంచి ధాన్యంలో కలిపేస్తే కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు మొత్తానికీ ఎక్కువే చూపిస్తుంది. పలచగా పోసిన ఆ కుప్ప మధ్యాహ్నానికి ఆరితే సాయంత్రం పెద్ద రాశిలో కలపొచ్చు. ఆరకపోతే ఆ రాత్రికి దానికి వేరే బరకం చూసుకోండి.